డోనౌఎషింగెన్‌లో క్రొత్త నాదముల తిరునాళ్లు

మన పాఠశాల వసారాలో వ్రేలాడుచున్న రైలుపట్టా ముక్కను మీరందరు ఎరుగుదురు. దానిని ఇనుప కమ్మితో కొట్టినపుడు మొదట 'ఠంగు'మని ఒక దెబ్బ వినవచ్చును. పిమ్మట చాలసేపటి వరకు ఒక సన్నని మ్రోత గాలిలో నిలిచియుండును. ఆ మ్రోతను తుదివరకు విన్నవారు మనలో ఎందరు? సాయంకాలపు గంట యైనచో దెబ్బ వినబడుటయే తడవుగా సంచులు భుజమున వేసికొని పరుగిడుదుము. దెబ్బ మనకు కావలసినది, మ్రోత అక్కరలేనిది. ఇట్లు అక్కరలేనివని లోకము విడిచిపెట్టిన ధ్వనులను ఏరి తెచ్చి, వానిని శ్రద్ధతో వినుటకై ఏటేట జరుగుచున్న ఒక ఉత్సవమును గూర్చి విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఈ వ్యాసమున వివరింపదలచితిని.

ఊరు, ఉత్సవము

ఆ ఉత్సవము జరుగు పట్టణము పేరు డోనౌఎషింగెన్. అది జర్మనీ దేశపు నైరృతి భాగమున, బ్లాక్ ఫారెస్టు అను అడవికొండల తూర్పుటంచున ఉన్నది. జనసంఖ్య ఇంచుమించు 22,000 మాత్రమే. మన తాలూకా పట్టణములలోనే అంతకంటె పెద్దవి పెక్కు గలవు. బ్రిగాఖ్, బ్రెగ్ అను రెండు చిన్న యేరులు ఆ ఊరిచెంత కలిసికొని డాన్యూబ్ నదిగా మారుచున్నవి. ఆ నది అచటనుండి సుమారు 2,850 కిలోమీటర్లు ప్రవహించి, పది దేశములను తాకి, నల్లసముద్రమున కలియును.

ప్రతి సంవత్సరము అక్టోబరు నెల నడుమ కొలది దినములపాటు ఆ ఊరికి దేశదేశముల స్వరకర్తలు, వాద్యకారులు, పత్రికలవారు, శ్రోతలు వచ్చి చేరుదురు. ఊరిలోని సభామందిరములు చాలక ఆటల మందిరములును, పాఠశాలల వ్యాయామశాలలును కచ్చేరీలకు నెలవులగును. నిన్న బాలురు బంతి యాడిన నేలమీదనే నేడు ఫిడేళ్లును, బాకాలును, విద్యుత్ యంత్రములును అమరును. అచట వినిపింపబడు కృతులలో అధికభాగము అంతకుముందు ఎవ్వరును విననివి. పెక్కు ఈ ఉత్సవము కొరకే వ్రాయించినవి.

తమిళనాట నివసించు మనకు సంగీతోత్సవమనగానే తిరువయ్యారు జ్ఞాపకము వచ్చుట సహజము. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిన ఆ క్షేత్రమున పుష్య బహుళ పంచమినాడు విద్వాంసులెల్లరు కూర్చుండి పంచరత్న కృతులను ఏకకంఠముగ గానము చేయుదురు. కావేరీ తీరమున తరతరములుగ స్థిరపడిన తెలుగు కుటుంబములలో నొకటియే ఆ మహానుభావుని కుటుంబము. అందరకు తెలిసిన కృతులను చెడనీయక నిలుపుకొనుట తిరువయ్యారు ఉత్సవమునకు ప్రాణము. ఎవ్వరికిని తెలియని కృతిని నలుగురి యెదుట పరీక్షకు పెట్టుట డోనౌఎషింగెన్ ఉత్సవమునకు ప్రాణము. పాత విత్తనమును గాదెలో భద్రపరచుట ఒక పని. క్రొత్త వంగడమును మడిలో చల్లి చూచుట వేరొక పని. సేద్యగానికి రెండును కావలెను.

నాదమేది? రొదయేది?

అచటి సంగీతమును మొదటిసారి విన్నవారు 'ఇది సంగీతమా, రొదయా' అని అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కనుక దానినే ముందుగ విచారింతము.

వీణతీగను మీటినపుడు అది క్రమము తప్పక కంపించును. సెకనునకు ఇన్నిసార్లని లెక్కింపదగిన ఆ కంపనమువలన మన చెవికి ఒక నిశ్చితమైన శ్రుతి తోచును. ఎండుటాకులను నలిపినపుడును, ఇసుకను రేకుమీద పోసినపుడును కలుగు కంపనములకు అట్టి క్రమము లేదు. కావున శ్రుతి తోచదు. మొదటిదానిని నాదమనియు, రెండవదానిని రొద యనియు వ్యవహరింతుము. సంగీతమునకు మొదటిది మాత్రమే తగునని పెక్కుమంది తలంతురు.

అయితే మన నోటినే పరీక్షించి చూడుడు. 'ఆ' అని దీర్ఘముగ పలికినచో అందు శ్రుతి కలదు. దానిని షడ్జమున నిలుపవచ్చును, పంచమమునకు ఎత్తవచ్చును. 'స్' అని పలికినచో బుస తప్ప శ్రుతి లేదు. కాబట్టి 'సా' అని స్వరము పాడు ప్రతి బాలిక మొదట ఇంచుక రొదను, వెంటనే నాదమును పలుకుచున్నది. ఈ రెండును కలియకున్నచో మాటయే లేదు. ఇక మన వాద్యములను చూడుడు. ఘటము మట్టికుండయే. జలతరంగము నీరు పోసిన పింగాణి గిన్నెల వరుసయే. మోర్సింగు పండ్లనడుమ నిలిపి మీటు ఇనుప ముక్కయే. వాడుకలోని వస్తువును వాద్యముగ చేసికొనుట మనవారికి క్రొత్త కాదు. ఇరువదవ శతాబ్దమున కొందరు పాశ్చాత్య స్వరకర్తలు ఇంకొక అడుగు ముందునకు వేసి, 'రొదను గుడివెలుపల నిలుపుట యెందులకు?' అని అడిగిరి. అంతియే.

1921 నాటి ఆరంభము

మొదటి ప్రపంచయుద్ధము 1918లో ముగిసెను. జర్మనీ ఓడిపోయెను, రాచరికము కూలెను. అట్టి దినములలో, 1921 వేసవియందు, డోనౌఎషింగెన్‌లోని సంగీతమిత్రుల సంఘమువారు యువ స్వరకర్తల క్రొత్త కృతులను వినిపించుటకు కచ్చేరీలు ఏర్పాటు చేసిరి. ఫ్యూర్‌స్టెన్‌బర్గ్ ప్రభువంశమునకు చెందిన మాక్స్ ఎగాన్ వారికి పోషకుడయ్యెను. పౌల్ హిండెమిత్ అను 25 సంవత్సరముల యువకుని కృతి యొకటి ఆ కార్యక్రమమున చేరెను. అది నాలుగు తంత్రీవాద్యములకు వ్రాసినది. మొదట అనుకొనిన బృందము దానిని వాయించుటకు సమ్మతింపలేదు. హిండెమిత్ నిరుత్సాహపడక, మిత్రులను కూర్చుకొని, తానే వయోలా చేతబట్టి వాయించెను. ఆ నలువురి కూటమి పిదప అమర్ బృందమను పేర ప్రసిద్ధి కెక్కెను.

1924లో ఆర్నాల్డ్ షోన్‌బర్గ్, ఆంటన్ వెబెర్న్ అను స్వరకర్తల కృతులు అచట వినిపించెను. 1926లో యంత్రసంగీతమును పరీక్షించిరి. చిల్లులు పొడిచిన కాగితపు చుట్టను పియానోలో అమర్చినచో, మనిషి చేయి తగులకుండ అది తనంతట తాను మ్రోగును. పది వ్రేళ్లకు సాధ్యము కాని వేగమును, స్వరముల గుంపులను అట్టి పియానో సునాయాసముగ పలుకగలదు. హిండెమిత్, ఎర్న్‌స్ట్ టోఖ్ మొదలగువారు దానికొరకే కృతులు వ్రాసిరి. 1927లో ఉత్సవము బాడెన్-బాడెన్ పట్టణమునకు తరలెను.

నాజీలు అధికారమునకు వచ్చిన పిమ్మట క్రొత్త సంగీతమునకు చెడ్డకాలము దాపురించెను. ఏది జర్మనుల సంగీతమో, ఏది కాదో నిర్ణయించు అధికారమును ప్రభుత్వము చేతబట్టెను. 1936లో హిండెమిత్ కృతులను వాయింపరాదని నిషేధించిరి. 1938లో ఆయన స్వదేశమును విడిచి స్విట్జర్లాండు చేరెను. ఒక ఊరి కచ్చేరీలో కొన్ని వింత స్వరములు పలికినంతమాత్రమున ఒక రాజ్యము భయపడునా యని మీకు తోచవచ్చును. ప్రజలు ఏమి వినవలెనో తామే నిర్ణయింపదలచిన పాలకులు పాటకు భయపడుటకు చరిత్రలో తార్కాణములు కలవు.

రేడియో యుగము

రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1950లో, నైరృతి జర్మనీ రేడియో సంస్థ చేయూతతో ఉత్సవము మరల నిలదొక్కుకొనెను. ఆ సంస్థలో సంగీతశాఖను నడపిన హైన్రిఖ్ ష్ట్రోబెల్, వాద్యబృంద నాయకుడైన హాన్స్ రోస్‌బౌడ్ దానికి రెండు కన్నులుగ నుండిరి. రేడియోవలన రెండు మేళ్లు కలిగెను. ఒకటి, కఠినమైన కృతులను ఓపికతో సాధన చేయగల వాద్యబృందము లభించెను. రెండు, చిన్న ఊరిలో పుట్టిన ధ్వని ఆకాశమార్గమున దూరదేశములకు చేరెను.

ప్రతి కృతికిని గౌరవమే లభించెనని అనుకొనకుడు. 1951లో పియేర్ బూలేజ్ అను ఫ్రెంచి యువకుని కృతిని వినిపించినపుడు సభలో ఈలలు, కేకలు చెలరేగెను. తరువాత బూలేజే ఆ కృతిలో లోపములున్నవని గ్రహించి దానిని ఉపసంహరించుకొనెను. ఈ విషయము గమనింపదగినది. క్రొత్తదైనంతమాత్రమున గొప్పది కాదు. జనులు ఈలలు వేసినంతమాత్రమున చెడ్డదియు కాదు. పరీక్ష జరుగవలెను. పరీక్షలో తప్పుట కూడ ఈ ఉత్సవమున ఒక భాగమే.

1953లో పియేర్ షఫేర్, పియేర్ ఆన్రి అను ఇద్దరు ఫ్రెంచివారు టేపుమీద నిలిపిన ధ్వనులతో కూడిన సంగీతనాటకమును ప్రదర్శింపగా మరల గగ్గోలు పుట్టెను. షఫేర్ వృత్తిచే రేడియో ఇంజనీరు. ఆయన 1948లోనే ప్యారిస్‌లోని ఒక రైలునిలయమున బండ్ల కూతలను, చక్రముల చప్పుళ్లను రికార్డు చేసి, వానిని కత్తిరించి కూర్చి ఒక కృతిగ రేడియోలో వినిపించియుండెను. ఆయన చేసిన వేరొక పరీక్ష మన బడిగంటను జ్ఞప్తికి తెచ్చును. గంట ధ్వనిని రికార్డు చేసి, అందు మొదటి దెబ్బను తొలగించి, మిగిలిన మ్రోతను మాత్రము వినిపించెను. విన్నవారికి అది గంట యని తోచలేదు. ఏదో ఊదు వాద్యమువలె తోచెను. దీనివలన ఒక సత్యము బయటపడెను: ధ్వని పుట్టిన తొలిక్షణమును బట్టియే మన చెవి దానిని ఎక్కువగ గుర్తుపట్టుచున్నది. నేడు సినిమాలయందును, రేడియో నాటకములయందును ధ్వనులను కత్తిరించి అతికించు పద్ధతులకు ఇట్టి పరిశోధనలే పునాదులు.

1954 అక్టోబరు 17వ తేదీన అమెరికా దేశస్థులైన జాన్ కేజ్, డేవిడ్ ట్యూడర్ అచట రెండు పియానోలు వాయించిరి. ఆ పియానోల తీగల నడుమ మరలు మొదలగు చిన్న వస్తువులను దూర్చియుంచిరి. కావున మీట నొక్కినచో పియానో పలుకవలసిన స్వరమునకు మారుగ తప్పెట వంటి, గంట వంటి పలుకులు వచ్చెను. ఈ కేజ్ రచించిన వేరొక కృతి 1952 ఆగస్టు 29న అమెరికాలో మొదటిసారి ప్రదర్శింపబడెను. దాని కాలము 4 నిమిషముల 33 సెకనులు. ఆ కాలమంతయు వాద్యకారుడు పియానో ముందు కూర్చుండును. ఒక్క స్వరమైనను వాయింపడు. ఇదేమి పరిహాసమని మీరు నవ్వవచ్చును. కాని ఆనాడు ఆ మందిరమున గాలి వీచుట, వానచినుకులు కప్పుమీద పడుట, జనులు గుసగుసలాడుట వినబడెనట. నిశ్శబ్దమని మనము పిలుచునది నిజముగ శూన్యము కాదని చూపుటయే ఆ కృతి ఉద్దేశము.

రెండు భాషల నడుమ పెరిగిన బాలుడు

ఇప్పుడు మీకు ఒక స్వరకర్త కథ చెప్పెదను. అది మన వంటి వారికి ప్రత్యేకముగ తెలియదగినది.

గ్యోర్గి లిగెటి 1923లో రుమేనియా దేశమునందలి ట్రాన్సిల్వేనియా ప్రాంతమున జన్మించెను. దేశము రుమేనియా, ఇంటిభాష హంగేరియన్, కుటుంబము యూదులది. ఊరిలో ఇరుగుపొరుగు వారందరును హంగేరియనే మాటలాడుచుండుటచే లోకమున వేరొక భాష కలదని ఆ బాలునకు తెలియదు. ఒకనాడు ఊరి పోలీసువారు రుమేనియన్ భాషలో మాటలాడుకొనుచుండగా విని ఆశ్చర్యపోయెను. అర్థము కాని ఆ మాటలు అతనికి కేవలము ధ్వనులుగ వినబడెను. చిన్ననాట అతడు క్యిల్‌విరియా అను ఊహాదేశమును కల్పించుకొని, దానికి పటములు గీసి, భాషను కూడ కల్పించుకొనెను. మీలో ఎందరో ఇంటిలో తెలుగును, వీధిలో తమిళమును వినుచు పెరిగినవారే. 'పళము' అని తమిళులు పండును పేర్కొనునపుడు నాలుక మడచి పలుకు ఆ ధ్వనికి మన నేటి లిపిలో అక్షరము లేదు. మన ప్రాచీన శాసనములలో ఉండెడిది. దానిని విని, గుర్తించి, పలుకగల చెవి మీకు అప్రయత్నముగ అబ్బినది.

లిగెటి బాల్యపు సుఖము నిలువలేదు. 1944లో అతనిని నిర్బంధ శ్రమకు పంపిరి. తండ్రియు తమ్ముడును నాజీల శిబిరములలో మరణించిరి. తల్లి మాత్రము బ్రతికి బయటపడెను. యుద్ధము పిమ్మట హంగరీలోని ప్రభుత్వము క్రొత్త సంగీతమును అణచెను. 1956లో బుడాపెస్టున తిరుగుబాటు చెలరేగి, గుండ్లు కురియుచుండగా జనులు నేలమాళిగలలో దాగిరి. లిగెటి మాత్రము జర్మనీనుండి రేడియోలో ప్రసారమగుచున్న ఒక క్రొత్త కృతిని వినుటకై పైననే నిలిచియుంటినని తరువాత చెప్పుకొనెను. ఆ డిసెంబరులో అతడు సరిహద్దు దాటి వియన్నా చేరెను.

1961 అక్టోబరు 22వ తేదీన డోనౌఎషింగెన్‌లో అతని 'ఆట్మస్ఫేర్' అను కృతిని హాన్స్ రోస్‌బౌడ్ నాయకత్వమున మొదటిసారి వినిపించిరి. ఆ పేరునకు వాయుమండలములని అర్థము. అందు పాడుకొనదగిన వరుస లేదు. చేతితో వేయదగిన తాళము లేదు. ఎనుబదికి పైగా వాద్యకారులు ఉందురు. ప్రతివానికిని వేరు వేరు స్వరము. ఆరంభమునందే అయిదు స్థాయిలకు పైగా వ్యాపించిన స్వరములన్నియు ఒక్కమారుగ, మెల్లగ పలుకును. దూరమునుండి మన వారపు సంతను వినుడు. అది ఒకే హోరుగ ఉండును. దగ్గరకు పోయినచో ఒకచోట బేరము, ఒకచోట పిలుపు, ఒకచోట పసిబిడ్డ ఏడుపు వేరువేరుగ తెలియును. లిగెటి కృతిలో మనము దూరమున నిలిచి ఆ హోరు రంగు మారుటను వినుచుందుము. లోపల ఎనుబది మంది పనులు ఎనుబది విధములుగ సాగుచుండును. పదేండ్లకు ముందు ఈలలు వేసిన ఊరిలోనే ఈ కృతిని సభవారు మెచ్చి, మరల వాయింపుడని కోరి విని సంతసించిరి. 1968లో వెలువడిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' అను చలనచిత్రమువలన అది ప్రపంచమంతట వినబడెను. లిగెటి 2006లో వియన్నాలో మరణించెను.

పక్షులు, దేశీతాళములు, సీతారామ నామము

1960 అక్టోబరు 16న అదే ఉత్సవమున ఒలివియే మెసియాన్ అను ఫ్రెంచి స్వరకర్త రచించిన 'క్రోనోక్రోమీ' వినిపించెను. ఈయన అడవులు, పొలములు తిరిగి పక్షుల కూతలను చెవితో విని స్వరములలో వ్రాసికొనువాడు. ఈ కృతియందు ఒకచోట పదునెనిమిది తంత్రీవాద్యములు పదునెనిమిది పక్షుల పాటలను ఏకకాలమున పలుకును. తెల్లవారుజామున మన చింతతోపులలో నిలిచి విన్నవారికి అట్టి కలకలము పరిచితమే.

మెసియాన్‌కు మన దేశముతో నిజమైన సంబంధము ఒకటి కలదు. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆస్థానమునందుండి రచించిన సంగీతరత్నాకరములో 120 దేశీతాళములు చెప్పబడినవి. ఆ పట్టికను మెసియాన్ ఒక ఫ్రెంచి విజ్ఞానసర్వస్వమున చూచి, ఆ తాళములను శ్రద్ధతో అభ్యసించి, తన రచనలలో ఉపయోగించుకొనెను. ఆ రత్నాకరమునకే మన రాచకొండ నేలిన సింగభూపాలుడు సంగీతసుధాకరమను వ్యాఖ్యానమును రచించియున్నాడు. దేవగిరిలో వ్రాయబడిన గ్రంథము రాచకొండలో వ్యాఖ్యానము పొందెను. ప్యారిస్‌లోని స్వరకర్తకు లయపాఠమయ్యెను. విద్యకు పొలిమేరలు లేవనుటకు ఇది నిదర్శనము.

వ్రాసిన కృతులే గాక, అప్పటికప్పుడు కల్పించు సంగీతమునకును ఆ ఉత్సవమున స్థానము కలదు. మనము దీనిని మనోధర్మమందుము. రాగాలాపన, తానము, నెరవు, కల్పనస్వరము దాని రూపములు. పాశ్చాత్యులలో బాఖ్, బేథోవెన్ వంటివారు ఈ విద్యయందు ప్రసిద్ధులు. కాని తరువాతి కాలమున వ్రాతప్రతికి ప్రాధాన్యము పెరిగి, కచ్చేరీలలో కల్పన సన్నగిల్లెను. అమెరికాలోని నల్లజాతివారి జాజ్ సంగీతము దానికి మరల జీవము పోసెను.

1971 అక్టోబరు 17న డాన్ చెర్రీ అను అమెరికన్ బాకావాద్యకారుడు ఒక పెద్ద జాజ్ బృందముతో డోనౌఎషింగెన్‌లో కచ్చేరీ చేసెను. అందు ఒక కృతిని పోలండు స్వరకర్త పెండరెట్స్కి సమకూర్చి తానే నడిపించెను. సంపూర్ణముగ వ్రాయక, వాద్యకారుల కల్పనకు తావు విడిచెను. చెర్రీ భారతీయ సంగీతమును అభ్యసించినవాడు. ఆ కచ్చేరీ రికార్డులో ఒక భాగమునకు 'సీతారామ' అని పేరు! త్యాగయ్య తిరువయ్యారు వీధులలో జపించిన నామము డాన్యూబ్ తొలితీరమున వినవచ్చుట మనకు చిత్రమైన సంతోషమును కలిగించును.

మన మనోధర్మమునకును, వారి స్వేచ్ఛాకల్పనకును భేదము కలదు. మనకు రాగము, తాళము అను గట్లు ఉన్నవి. వారు కొన్నిసార్లు ఆ గట్లను కూడ ముందుగ ఏర్పరచుకొనరు. అట్లయిన అది అల్లరి కాదా? ఒకడు రెండవవానిని వినకున్నచో తప్పక అల్లరియే. ఎదుటివాడు పలికినదానిని విని, అవసరమైనచో తాను ఊరకుండి, తగిన క్షణమున తగినంత పలుకుట వారి నియమము. ఇరువురు పెద్దమనుష్యుల సంభాషణకును ఇదియే నియమము గదా!

వేదిక లేని కచ్చేరీ

1990వ దశకమునుండి ఆ ఉత్సవమున ధ్వనిశిల్పములకును చోటు లభించినది. శిల్పి రాతితో బొమ్మను నిలిపినట్లు, ధ్వనికళాకారుడు ఒక గదిలోనో, తోటలోనో, నేలమాళిగలోనో ధ్వనులను నిలుపును. వేదిక లేదు, కుర్చీలు లేవు, ఆరంభము, మంగళము లేవు. వినువాడు తన కిష్టము వచ్చినపుడు ప్రవేశించి, నడచుచు, నిలుచుచు వినును. అతడు నిలిచిన తావును బట్టి ధ్వని మారును. పెద్ద దేవాలయమున మండపమునందు చప్పట్లు కొట్టి, పిమ్మట గర్భాలయ సమీపమున కొట్టి చూచినచో, ఒకే చప్పుడు రెండు విధములుగ వినబడును. ఆ భేదమే ధ్వనిశిల్పి పనిముట్టు.

కొలదిమంది కొరకు

ఈ ఉత్సవచరిత్రలో ఒక విచారకరమైన ఘట్టము కలదు. 1950 నుండి ఈ క్రొత్త కృతులకు ప్రాణము పోసిన రేడియో వాద్యబృందమును, ష్టుట్‌గార్ట్ నగరమునందలి వేరొక బృందముతో కలిపివేయుటకు రేడియో సంస్థ 2012లో నిశ్చయించెను. వ్యయము తగ్గించుట కారణము. ఆ సంవత్సరపు ఉత్సవారంభమున యోహన్నెస్ క్రైడ్లర్ అను స్వరకర్త వేదిక యెక్కి, ఒక ఫిడేలును, ఒక చెల్లో వాద్యమును అందరు చూచుచుండగా విరుగగొట్టి తన నిరసన తెలిపెను. వాద్యమును సరస్వతిగ భావించు మనకు అది బాధ కలిగించు చేష్టయే. బాధ కలిగింపవలెననియే అతడు చేసెను. అయినను నిర్ణయము మారలేదు. 2016లో రెండు బృందములు ఒకటయ్యెను. కలిసిన బృందము నేడును డోనౌఎషింగెన్‌లో వాయించుచున్నది. కాని పోయిన బృందము పోయినదే.

లెక్కలు చూచువారి వాదమును కొట్టివేయలేము. వినువారు కొలదిమంది, వ్యయము అధికము. అయితే కొలదిమంది కొరకు జరుగు పని యంతయు వ్యర్థమని నిశ్చయించినచో, 1921లో హిండెమిత్ కృతి యొక్క గతి ఏమి? 1961లో లిగెటి గతి ఏమి? పిల్లల సంఖ్య చాలదను మాట మన తెలుగు బడులకు క్రొత్తది కాదు. అందుచేత ఆ వాద్యకారుల దుఃఖమును మనము ఇతరులకంటె బాగుగ అర్థము చేసికొనగలము. మన బాధ్యతయు అందే కలదు: ఉన్న కొలదిమందియైనను శ్రద్ధతో వినువారుగ, చదువువారుగ ఉండవలెను. ఖాళీ మనసులతో నిండిన బల్లలకంటె, నిండు మనసులతో కూర్చున్న పదిమంది మేలు.

2020లో కరోనా వ్యాధివలన ఉత్సవము ఆగిపోయెను. 2021లో నూరేండ్ల పండుగ జరిగెను. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా ఖండములవారిని కూడ ఆహ్వానించిరి. ఐరోపావారి చెవికి మాత్రమే అలవాటైన ఉత్సవము ఇతరుల ధ్వనులను వినుటకు ఆలస్యముగనైనను పూనుకొనుట శుభము.

మనము చేయదగినది

ఇంతయు చదివి, ఆ ఊరికి పోలేము గదా యని అనుకొనకుడు. వినుటకు టిక్కెట్టు అక్కరలేదు. రేపు ఉదయము ఇంటి అరుగుమీద అయిదు నిమిషములు కన్నులు మూసికొని కూర్చుండుడు. వినబడిన ప్రతి ధ్వనిని తరువాత కాగితముమీద వ్రాయుడు. పది ధ్వనులకు తక్కువ కానేరవు.

వ్రాయునపుడు మీకొక చిక్కు కలుగును: ఏ మాటతో వ్రాయవలెను? ఇచటనే మన తెలుగు యొక్క సంపద బయటపడును. నీరు కాలువలో గలగల పారును. కొమ్మనుండి జలజల రాలును. కుండ మునుగునపుడు బుడబుడ మనును. వాన చిటపట మొదలగును. గాలి రివ్వున వీచును. జెండా రెపరెప లాడును. తలుపు కిర్రు మనును. గంట గణగణ మ్రోగును. మువ్వలు ఘల్లుఘల్లు మనును. భయపడిన గుండె దడదడ కొట్టుకొనును. వ్యాకరణమున వీనిని ధ్వన్యనుకరణములందురు. ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క పలుకును మన పూర్వులు చెవితో పట్టి భాషలో నిలిపిరి. టేపు యంత్రములు లేని కాలమున వారు చేసిన రికార్డులు ఇవియే.

అయితే ఈ మాటలు పాఠ్యపుస్తకములలో కొలదిగనే కలవు. అవి మీ అమ్మమ్మల, నాయనమ్మల నోళ్లలో ఉన్నవి, వారితోనే పోవునవి. తల్లిదండ్రులకు నా మనవి ఇది: రాత్రి భోజనమైన పిమ్మట పిల్లలను పెద్దలచెంత కూర్చుండబెట్టుడు. తిరుగలి త్రిప్పునపుడు, చల్ల చిలుకునపుడు, మగ్గము నేయునపుడు, బండి ఏరు దాటునపుడు ఏ చప్పుడు వచ్చెడిదో అడిగించుడు. వారు చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాయించుడు. విద్యార్థులు ఆ కాగితములను నాకు తెచ్చి యిచ్చినచో, వానిని కూర్చి మన పత్రిక రాబోవు సంచికలో ప్రకటింపవలెనని సంకల్పము. పేరు వ్రాయుట మరువకుడు; మాట చెప్పిన పెద్దల పేరు కూడ వ్రాయుడు.